శారమ్మకు పండుకునే సీటు

శారమ్మా, పసుపు పట్టించనీకి గిర్నికి పోతున్న. అన్నం తిని మందు వేసుకో. పదకొండింటికి గ్రేస్ ఫోన్ చేస్తది, సరే అను. బిడ్డ లండన్‌లో నర్సు పని చేసుకుంట పన్నెండేండ్లు విమానాల్లో తిరిగితే జమైన పాయింట్లతో మనం తన దగ్గరికి పోయే విమానం టికెట్లలో ఒకదాన్ని బిజినెస్ క్లాసుకు మారుస్తున్నది. పాయింట్లు ఒక్కదానికే సరిపోయినయి. నీ పేరే చెప్పిన. ముప్పై ఏండ్లు చెరుకు కొట్టిన నడుము, పది గంటలు కూసుంటే ఆగదు. అక్కడ సీటు మంచం లెక్క పరుసుకుంటదట.

"బావా, నువ్వు వెనకనా?" అని మీ తమ్ముడు స్టీవెన్ నవ్విండు. "అవును, మీ అక్క ముందట పండుకొని పోతది" అన్న.

సీమోను

సీటు మార్చుకుందామని దారిలో లేచి నా దగ్గరికి రాకు. నిద్రపోయినట్టే కండ్లు మూసుకుంట.