కుతు

జూన్ 23, సోమవారం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సులో నిలబడే వచ్చాను. లింగ్విస్టిక్స్‌లో ఎమ్మే చేసి, హాస్టల్ స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీషు చెప్పే మహారాణిని. నాకు సీటెవరిస్తారు?

ఏడో తరగతిలో కొత్త పిల్ల చేరింది. హులిగమ్మ. పెద్దకడుబూరు వైపు పల్లె. అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతల సుగ్గికి వలసపోయి, నెలల తరబడి గుడిసెల్లో ఉండి వచ్చింది. చురుకైన పిల్ల. తల నిండా పేలు. పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. వార్డెన్ కనకమ్మ గారు వరండాలో అందరి ముందూ జడ ఎత్తి చూపించి, యాడ్నుంచి పట్టుకొస్తారే ఈ సంతని అన్నారట. పిల్ల ఏడవలేదు. నాకే కోపంతో ఏడుపొచ్చింది.

జూన్ 24

పేల మందు, సన్న పళ్ల దువ్వెన కొన్నాను. సాయంత్రం నేనే కూర్చుని పట్టించాను. దువ్వడం అయ్యాక హులిగమ్మ, పేన్లు పోతే ఆ పేరు గూడా పోతాదా మేడమ్ అని అడిగింది. ఏ పేరు అన్నాను. పేన్ల హులిగి అంట. అట్లా పిలిస్తే ఈడ ఉండను, మాయమ్మతో పత్తి చేన్లకు పోతాను అనింది. అన్నంత పనీ చేసే పిల్లలాగే ఉంది.

జూన్ 27, శుక్రవారం, సాయంత్రం

ఈరోజు పాఠం పక్కన పెట్టేశాను. బోర్డు మీద 'పేను' అని రాశాను. క్లాసంతా హులిగమ్మ వైపు తిరిగి నవ్వింది. నవ్వండి, నవ్వండి అనుకున్నాను.

కన్నడంలో ఏమంటారు అని అడిగితే, హేను అని సగం క్లాసు అరిచింది. తమిళంలో పేన్ అని నేను చెప్పాను. అప్పుడు వరల్డ్ మ్యాప్ తగిలించాను. మలేషియాలో కుతు అంటారు. ఫిలిప్పీన్స్‌లో కుతో. ఇంత సముద్రం దాటి న్యూజీలాండ్ పోతే అక్కడి మావోరీలు మళ్లీ కుతు. హవాయిలో ఉకు, అదీ ఈ మాటే, అరిగిపోయింది. వేల ఏళ్ల కిందట పడవలెక్కి దీవి తర్వాత దీవికి పోయినవాళ్లు ఈ మాటనీ పేన్నీ కూడా తలలోనే పెట్టుకుని పోయారని చెప్పాను. అంతటి మొనగాళ్లకే ఉంటే మనకుండవా అన్నాను. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

ఇకమీద ఎవరి తలలో కనిపించినా పేను అనొద్దు, కుతు అందాం, మన క్లాసుకే తెలిసిన సీక్రెట్ కోడ్ అన్నాను. హులిగమ్మ మొదటిసారి నవ్వింది. ఎస్తేరు అనే పిల్ల లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

నేను మంచి టీచర్నే. రాసుకోవడానికి సిగ్గెందుకు?

జూలై 4

హులిగమ్మ తలలో ఒక్క ఈరు కూడా లేదు. ఎస్తేరే జడ వేసిందట.

జూలై 9

అటెండెన్స్‌లో హులిగమ్మా అన్నాను. వెనక నుంచి ఎవరో, కుతు ప్రెజెంట్ మేడమ్ అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఎస్తేరు కూడా.

జూలై 10

తిడదామంటే నోరు రావడం లేదు. మీరే గదా మేడమ్ మంచి మాటని చెప్పినారు అంటున్నారు. పేను అంటే చెవి మెలిపెట్టొచ్చు. కుతు అంటే ఏం చెయ్యను? తలలో పేలు పోయాయి, పేరు మాత్రం మారి అక్కడే కూర్చుంది. దానికి కొత్త చొక్కా తొడిగింది నేనే.

కనకమ్మ గారూ నేర్చుకున్నారు. ఏమే కుతూ, టిఫిన్ తింటివా అంటున్నారు. ముద్దుకే అంటాండాను, మీకేం నొప్పి అన్నారు. ప్రిన్సిపల్ శశికాంత్ సార్‌కు చెప్పుకుంటే ఆయన వేరే దారి పట్టాడు. చాలా ఇన్నొవేటివ్ మేడమ్, ఆ లెసన్ మళ్లీ చెప్పండి, వీడియో తీసి స్కూల్ పేజీలో పెడదాం అన్నాడు.

నా డిగ్రీ తగలెయ్య.

జూలై 11

కుతు అన్నవాళ్లను ఎండలో నిలబెడతానన్నాను. మధ్యాహ్నానికి బాత్‌రూమ్ గోడ మీద చాక్‌పీస్‌తో రాసి ఉంది. కుతు, కుతో, ఉకు. అన్నీ కరెక్టుగా రాశారు. నా పాఠం ఇంత బాగా ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు.

జూలై 21, సోమవారం

హులిగమ్మ శనివారం ఇంటికి పోయి తిరిగి రాలేదు. వాళ్లమ్మ రేణుకకు ఫోన్ చేశాను. క్రాసింగ్ సీజన్ గదా మేడమ్, పనైనాక పంపిస్తాలే అనింది.

క్రాసింగ్ అంటే విత్తనాల పత్తి చేలో ఒక పువ్వు పుప్పొడి తెచ్చి ఇంకో పువ్వుకు అంటించడం. పురుగులు చేసే పని. చిన్న వేళ్లయితే బాగుంటుందని రైతులు పిల్లల్నే పనికి పిలుస్తారు. పురుగు పేరు మేం పెట్టాం, పని వాళ్లిచ్చారు.

స్టాఫ్ రూమ్‌లో చెప్పాను. ఈ పల్లెల పిల్లలు ఇంతే అన్నారు కనకమ్మ గారు. నాకు ఒళ్లు మండింది.

జూలై 28

ఇంకా రాలేదు. ఎస్తేరు పక్క చోటు ఖాళీగానే ఉంది.

ఆగస్టు 4, సోమవారం

సెలవు పెట్టి వాళ్ల ఊరికి పోయాను. బస్సు నిండా ఉరుకుంద గుడికి పోయే జనం. రేణుక చేను గట్టు మీదే ఉంది. నీళ్లిచ్చింది. పిల్లను పంపమన్నాను. నేను పొమ్మంటానే ఉండాను మేడమ్, అదే రానంటాండాది అనింది.

పిలుస్తానుండు అని చేను వైపు తిరిగి, కుతూ, మీ మేడమ్ వచ్చినారే అని కేకేసింది. నా మొహం చూసి నవ్వింది. హాస్టల్‌కు సూడ్డానికొచ్చినప్పుడు పిల్లోల్లు సెప్పినారు, మా మేడమే ఈ పేరు పెట్టినారని. ముద్దుగుండాది. ఇంట్లో అందరం అట్లే పిలుస్తాండాం అనింది.

హులిగమ్మ పత్తి చెట్ల మధ్య నిలబడి ఉంది. ముందుకు రాలేదు.

దాని అర్థమేంది మేడమ్ అని అడిగింది రేణుక.

హులిగమ్మ నా వైపే చూస్తోంది.

మంచి పేరేనమ్మా అన్నాను.