కొవాయి అంటే భయం కాదు

జిల్లా ఆరోగ్య కార్యాలయంలో రోగుల విన్నపములు చూచు అధికారి గారి సముఖమునకు,
సుగిసావ గ్రామము, ఆపిల్ తోట రైతు, ఒసనాయి తొరాకిచి, వయసు డెబ్బై నాలుగు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య ఒసనాయి ఫుకి ఆసుపత్రి రికార్డులో తొమ్మిది చోట్ల వ్రాయబడిన 'భయము' అను మాటను కొట్టివేయుట గురించియు, సంతృప్తి పత్రంలో నేను పెట్టిన ఒక టిక్కును వెనక్కు తీసుకొనుట గురించియు.

1. గత ఫిబ్రవరి పదకొండో తేదీన నా భార్యను ఆయాసం నిమిత్తం పట్నంలోని పెద్దాసుపత్రిలో, నాలుగో అంతస్తున ఆరు మంచాల గదిలో చేర్పించితిని. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఆమె మరణించినది. గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరినదని తరువాత తెలిపిరి.

2. మా కొండ పల్లెలలో 'కొవాయి' అనగా ఒళ్ళు స్వాధీనం తప్పుట, ఊపిరి చాలకపోవుట. పట్నంలోను, టోక్యోలోను ఇదే మాటకు భయమని అర్థము. మా గది నర్సు హయామి గారు టోక్యో అమ్మాయి, ఈ ప్రాంతం వచ్చి ఏడాది కాలేదు. ఆమెకును నా భార్యకును ప్రతి పూటా జరిగిన సంభాషణ ఈ క్రింది విధముగా ఉన్నది.

"ఎలా ఉందండీ అమ్మగారూ?"

"కొవాయిగా ఉంది తల్లీ. నిన్నటి కంటే మరీ కొవాయి."

"అయ్యో, భయమెందుకండీ? నేనున్నాను కదా."

అని చేయి పట్టుకొని కూర్చుండెడిది. మంచి పిల్ల, అందులో అబద్ధం లేదు. పిమ్మట రికార్డులో 'రోగి భయపడుచున్నది, ధైర్యము చెప్పితిని' అని వ్రాసుకొనెడిది. డాక్టరు గారు అది చదివి, భయం తగ్గుటకు నిద్రమాత్ర వ్రాసిరి. మా ఆవిడ ఊపిరాడక ఎగపోస్తూ ఉంటే నిద్రమాత్ర ఇచ్చారండీ.

3. నా భార్య పిరికిది కాదని ఇందుమూలముగా మనవి చేయుచున్నాను. ఆరేళ్ళ క్రిందట మా తోటలోకి ఎలుగుబంటి వచ్చినప్పుడు నేను నిచ్చెన మీద బిగుసుకుపోయాను. తను వంటింట్లోంచి రెండు గిన్నె మూతలు తెచ్చి వాయించుకుంటూ దాని మీదికే నడిచింది. అది కంచె దాటి పోయాక పైకి చూసి, "పోయిందిలే, ఇంక దిగవయ్యా" అంది. ఊరంతా ఏడాది పాటు నన్ను నిచ్చెనాయన అని పిలిచారు. అటువంటి మనిషి గురించి తొమ్మిది సార్లు భయపడింది, భయపడింది అని ప్రభుత్వ కాగితం మీద ఉండిపోతే నేను ఊరుకోలేను.

4. మార్చి నెలలో ఈ సంగతి చెప్పుకొనుటకు ఆసుపత్రికి వెళ్ళితిని. ఫిర్యాదుల గుమాస్తా గారు ఒక కాగితం తీసి నా ముందు పెట్టిరి. పదమూడో తేదీన మంచం ప్రక్కన కూర్చుని నేను నింపి ఇచ్చిన సంతృప్తి పత్రము. పదిహేను ప్రశ్నలు. పదిహేనింటికీ 'చాలా సంతృప్తి'.

"మీరే పెట్టారు కదండీ తాతగారూ. ఇప్పుడొచ్చి ఇలా అంటే ఎలా?"

ఆ గది గోడ మీద బోర్డు ఉన్నది. పల్లె రోగుల సంతృప్తి నూటికి తొంభై ఆరు, పట్నం రోగులది డెబ్బై ఒకటి. మా పల్లెవాళ్ళకు అక్కడ వైద్యం బాగా నచ్చినదని గుమాస్తా గారు సంతోషముగా చెప్పిరి. అయ్యా, అవి సుఖపడి పెట్టిన టిక్కులు కావు, మొహమాటపడి పెట్టినవి. మేము డాక్టరు దగ్గరకు పోతే ముల్లంగి ఊరగాయ పట్టుకుపోయేవాళ్ళం. మన మనిషికి మందిచ్చినవాళ్ళకు బాగాలేదని రాసివ్వడం మాకు చేతకాదు. ప్రక్క మంచం పట్నం ఆవిడ సూపు చల్లగా ఉన్నదని 'అసంతృప్తి' పెట్టినది. మరుసటి పూట నుండి ఆమెకు వేడి సూపు వచ్చినది.

5. కావున తాము దయయుంచి, రికార్డులో 'భయము' అని ఉన్న చోటనెల్ల 'కొవాయి' అని, ఆమె అన్నది అన్నట్టే, వ్రాయించవలెను. తొమ్మిదవ ప్రశ్న 'మీ మాట మా సిబ్బందికి అర్థమైనదా' అనుదానికి నేను పెట్టిన టిక్కును రద్దు చేయవలెను. ఆ మాటను, దాని అర్థమును కాగితం మీద వ్రాసి నర్సుల బల్ల ఎదుట అంటింపవలెను. హయామి గారిని మాత్రం ఏమీ అనరాదు. ఫుకి పోయినప్పుడు ఆ పిల్ల నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఇది పూర్తిగా చిత్తగించవలెను. అంత తీరిక లేనియెడల ఐదవ అంశము మాత్రమైనను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఒసనాయి తొరాకిచి

తాజా కలము: పైన ఒక సంగతి రాయలేదు. రాయకుండా పోస్టులో వేద్దామని రెండు సార్లు బయల్దేరి వెనక్కొచ్చాను.

నర్సుకి అర్థం కాలేదు గాని, నాకు అర్థమైంది. ఆ పిల్ల పొరపాటు పడుతోందని రెండో రోజే తెలిసింది. మొదటి రోజు నేను వేడినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని మా యాసలో అడిగితే ఎదుటి మంచాల ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. సిగ్గేసి ఫుకితో అన్నాను, "మన మాటలు ఇక్కడ ఎక్కువ మాట్లాడకే, నవ్వుతున్నారు."

"ఊపిరే అందట్లేదయ్యా, ఇంక యాస ఎక్కడ మార్చను?" అంది.

ఆ తర్వాత నర్సు "భయమెందుకండీ" అన్న ప్రతిసారీ ఫుకి నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. నేను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. పదమూడో తేదీన ఆ తొమ్మిదో ప్రశ్నకి టిక్కు పెట్టింది కూడా ఈ చేత్తోనే.

తోటలో కొమ్మలు కత్తిరించాల్సిన పని అలాగే ఉండిపోయింది. నిచ్చెన ఎక్కితే, దిగమని చెప్పే మనిషి లేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నాకు కొవాయిగా ఉంటోందండీ. నా విషయంలో తమరు ఏ అర్థం రాసుకున్నా తప్పు కాదు.