ముదీర్ గారి గళ్ళ లంగా

ముసఫ్ఫా, అబుదాబి,
11 నవంబరు 2005

పెద్దక్క సైదున్నీసాకి పీరా సలాములు.

ఫోన్‌లో అరుస్తానని నువ్వు ఉత్తరమే రాయమన్నావు కాబట్టి రాస్తున్నా. కంపెనీ బస్సు డ్రైవర్ హన్మాండ్లు నీ టైలర్ షాపుకి తెచ్చిస్తాడు.

పోయిన శుక్రవారం చాన్నాళ్ళకి క్యాంపులో నాదస్వరం తీసి ఊదుతుంటే మా గ్యారేజీ ముదీర్, అదే మేనేజరు, డంకన్ విని నిలబడిపోయాడు. ఆయనది స్కాట్లండు. ఆయనకో మేళం ఉంది. సగం స్కాట్లండు వాళ్ళు, సగం ఐర్లండు వాళ్ళు, పాటలన్నీ వాళ్ళ తాతల నాటివి. వాద్యం చూస్తే నవ్వుతావు. మన వీధి భాగోతాల తిత్తికి నాలుగు గొట్టాలు గుచ్చి చంకలో పెట్టుకున్నట్టుంటుంది! నెలాఖరుకి హోటల్లో కచేరీ. బాగా ఊదితే నన్ను లారీల కింద నుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెడతాడట. ఆరేళ్ళుగా మొహం మీద కారుతున్న ఆయిలు ఆగుతుందక్కా.

ఒక్కటే చిక్కు. మగాళ్ళంతా మోకాళ్ళ దాకా గళ్ళ లంగాలు కట్టాలి. గుడ్డ పంపుతున్నా, కుట్టిపెట్టు.

నీ తమ్ముడు,
పీరా

తా.క.: లోపల ఏమీ వేసుకోకపోవడం వాళ్ళ ఆచారమట. ఏం చెయ్యమంటావు?

---

రోలా, షార్జా,
18 నవంబరు

పీరాకి అక్క దువా.

లంగా పంపాను. మోకాలు కనపడకూడదు. నాలుగు అంగుళాలు పెంచాను. ఊదే ముందు బిస్మిల్లా అను.

సైదున్నీసా

తా.క.: పొట్లంలో పైజామా కూడా ఉంది. ఆచారం వాళ్ళది. పరువు మనది.

---

ముసఫ్ఫా,
2 డిసెంబరు

అక్కకి సలాం. కొంప మునిగింది.

మొదట అంతా బాగానే ఉంది. చివర్లో, సముద్రంలో పోయినవాడి కోసం ఏడుపు పాట అందుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. ఒకామె కళ్ళు ఒత్తుకుంటోంది. ముందు వరసలో ముసలాయన తుమ్మాడు. అప్పుడే డంకన్ 'మెల్లగా' అన్నట్టు వేలెత్తాడు. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో ఊదినవాణ్ణి! తుమ్ము వినపడి, పెద్దమనిషి వేలెత్తితే ఇంకేం చేస్తాను? గట్టిమేళం వాయించా. వాళ్ళ డ్రమ్ములవాడూ నా వెంట పడ్డాడు, ఎందుకో పాపం అతనికీ తెలీదు. ఏడుస్తున్నామె గ్లాసు జారవిడిచింది. పోయినవాడికి అక్కడికక్కడే తాళి కట్టించేశానక్కా!

డంకన్ తిట్టలేదు. అదే భయం. "ఇలా ఊదడం నీకెవరు నేర్పారు?" అన్నాడు. భయంలో నీ పేరూ, షాపు అడ్రసూ చెప్పేశా. హన్మాండ్లు "ఇగ ఖలాస్ పీరా! నీ వీసా పాయె, మీ అక్కది గూడ పాయె" అంటున్నాడు. ఆయనొస్తే షట్టర్ దించెయ్.

పాపాత్ముడు,
పీరా

తా.క.: పైజామా విలువ స్టేజీ మీద నుంచి దూకినప్పుడు తెలిసింది.

---

రోలా,
10 డిసెంబరు

పీరాకి దువా.

వచ్చాడు. టీ ఇచ్చాను. మళ్ళీ వస్తానన్నాడు. రమ్మన్నాను.

సైదున్నీసా

తా.క.: లంగాలోనే వచ్చాడు. రోలా అంతా చూసింది.

---

ముసఫ్ఫా,
24 డిసెంబరు

అక్కా, సలాం చెప్పే ఓపిక కూడా లేదు.

వరసగా మూడు శుక్రవారాలు! సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆయన లోపలికి పోవడం, షట్టర్ సగం దిగడం, గంట దాకా లేవకపోవడం హన్మాండ్లు కళ్ళారా చూశాడు. "నీకు తెల్ల బావ దొరికిండు పో!" అని బస్సులో అందరి ముందూ అన్నాడు. బావ పోయి పదేళ్ళయింది. ఏడాదికి ఒకసారి నవ్వే మనిషివి. నా స్టోర్ ఉద్యోగం కోసం నువ్వింత త్యాగం చెయ్యొద్దు. నేను లారీ కిందే పడుంటా. ఆయిలు కూడా అలవాటైంది.

కన్నీళ్ళతో,
పీరా

తా.క.: నిఖా అయిపోయి ఉంటే మాత్రం ఆయన్ని బావా అనాలో, ముదీర్ అనాలో రాయి.

---

రోలా,
28 డిసెంబరు

పీరాకి అక్క దువా.

షట్టర్ దించింది చప్పుడు బయటికి పోకుండా. పక్క షాపు తారిఖ్ రెండుసార్లు గొడవపడ్డాడు.

డంకన్‌కి హిందీ వచ్చు. మొదటి రోజే అడిగాడు, నీకు నేర్పినట్టు తనకీ నేర్పమని. నాయన నాకు నాదస్వరం నేర్పాడు. నేను నీకు నేర్పాను. ముప్పై ఏళ్ళుగా నన్నెవరూ అడగలేదు. సరేనన్నాను.

హోటల్లో ఊదమన్నాడు. రానన్నాను. ఫీజు ఇస్తానన్నాడు. తమ్ముణ్ణి లారీల కింద నుంచి తియ్యి, అదే ఫీజు అన్నాను. నిన్న సంతకం పెట్టాడు. శనివారం నుంచి స్టోర్‌లో కూర్చో. అల్లా దయ.

సైదున్నీసా

తా.క.: బావ కాదు. అన్నా అను. శుక్రవారం రా, చాప మీద అతని వెనక కూర్చో. నువ్వు సాధన మానేసి ఆరేళ్ళు. అతను ఒక్క రోజూ మానలేదు.