అంటుకత్తి అడగడానికి వచ్చినవాడు

నాయనా,

నువ్వు జైల్లోనే పోయాక నీ అప్పీలు నేను నడిపాను. నువ్వు నిర్దోషివని, ఉరిశిక్ష చెల్లదని పైకోర్టు ఇప్పుడు తీర్పిచ్చింది. నువ్వు మామిడి అంట్లు కట్టే కత్తిని నిన్న తిరిగిచ్చారు.

హత్య దాంతోనే జరిగిందని బోనెక్కి ప్రమాణం చేసిన పక్కతోట పెద్దమనిషి పొద్దున్నే సిగ్గులేకుండా మన గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ నాయన ఆ కత్తితో కట్టిన అంటు ఒకటీ ఎండిపోలేదు పాపా. రెండు దినాలు ఇయ్యి, మా తోటలో పనుండాది."

"దాని మీద నెత్తురు సూసినానని జడ్జి ముందర చెప్పినావే మామా?"

"అవన్నీ ఇప్పుడెందుకులే."

ఇవ్వలేదు. వాడి మొహాన తలుపేశాను. మనిషిని చంపిన కత్తిని తన మామిడికొమ్మకు తాకనిచ్చే రైతు మన కార్వేటినగరం వైపు ఒక్కడూ లేడు. నువ్వు చంపలేదని వాడికి ఆ బోనులోనే తెలుసు, నాయనా.