ముందు కనపడని క్రేన్ గది

కర్మాగారాల భద్రతా తనిఖీ అధికారి గారి సముఖమునకు,

కాగితం మిల్లులో రీళ్లకు పైచుట్టు వేసే పనివాడు, ప్రస్తుతం సస్పెండు అయి ఇంట్లో కూర్చున్నవాడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: మా అక్క నడిపే క్రేన్ గది అద్దాలకు భద్రత పేరిట బోర్డులు అంటించుట వలన జరిగిన ప్రమాదం గురించియు, ఆ నేరాన్ని మా అక్క నెత్తిన రుద్దుతున్న విచారణను సోమవారం లోపు ఆపించుట గురించియు.

అయ్యా,

1. మా మిల్లు గోదాములో కాగితపు రీళ్లను ఎత్తి దించే క్రేన్ ఒకటి కలదు. ఒక్కో రీలు కారంత బరువుండును. పైకప్పు కింద వేలాడే చిన్న అద్దాల గదిలో కూర్చుని ఆ క్రేన్ నడిపేది మా అక్క. ఆ గదికి అద్దాలు పెట్టింది కింద ఎవరున్నారో చూసుకోవడానికి అని ఇన్నాళ్లూ మేము అనుకొనుచుంటిమి. కాదట. బోర్డులు అంటించడానికట.

2. మిల్లులో ఎవరికి ఏ దెబ్బ తగిలినా భద్రతా విభాగం వారి వైద్యం ఒక్కటే. కొత్త బోర్డు. ఒకాయన జారిపడితే ‘జారిపడరాదు’ అని బోర్డు. జారేందుకు కారణమైన నూనె మాత్రం అక్కడే ఉన్నది, ఇప్పుడు బోర్డు నీడన ఉన్నది. గోడలు నిండినవి, స్తంభాలు నిండినవి. అందరి కళ్లూ పడే చోటు ఇంకేముందా అని వెతికి వెతికి మా భద్రతాధికారి గారు (పనివాళ్లు వారిని ‘బోర్డుగారు’ అందురు, క్షమించవలెను) క్రేన్ గదిని కనిపెట్టారు. పక్క అద్దాలకు తలా ఒక బోర్డు, ముందు అద్దానికి నట్టనడుమ ‘ముందు చూసి దించండి’ అని ఇంకొకటి అంటించారు. అక్షరాలు చాలా పెద్దవి. కింద నుంచి అందరికీ ఆ బోర్డు కనపడును. పైనుంచి కింద ఎవరూ కనపడరు. దానికీ పక్క బోర్డుకీ నడుమ మిగిలిన సందులోంచి, తలుపు ఓరగా తీసి అప్పులవాణ్ణి చూసినట్టు, మా అక్క ఒంటికన్నుతో చూస్తూ రీళ్లు దించేది.

ఊరుకోలేదు. బోర్డుగారినే అడిగింది.

“సార్, దీన్ని కాస్త పక్కకి జరిపించండి. కింద మనుషులు కంటికి ఆనట్లేదు.”

“ఏమ్మా, నీ ఒక్కదాని సౌకర్యం కోసం అందరి భద్రత పక్కన పెట్టమంటావా?”

తమరు కిందటేడు తనిఖీకి వచ్చినప్పుడు గోదాము మధ్యలో నిలబడి, తల పైకెత్తి ఆ బోర్డు చదివి, ‘భేష్’ అని మిల్లుకు షీల్డు ఇచ్చి వెళ్లిన సంగతి ఇక్కడ ప్రస్తావించడం మర్యాద కాదు. అందుచేత ఒక్కసారే ప్రస్తావించితిని.

3. క్రేన్‌కు హారన్ కలదు. అది మోగితే కింద ఉన్నవాళ్లు దూరం జరగవలెను. టీ వేళకు మోగే గంట పాడైనప్పుడు, కొత్తది కొనడం ఎందుకని దాని వైరు కూడా తెచ్చి ఈ హారన్‌కే తగిలించారు. కాబట్టి మా గోదాములో ఒకే మోత. ఒకసారి దాని అర్థం ‘పారిపో’, ఇంకోసారి ‘రా, టీ తాగుదువుగాని’. ఏది ఏదో తెలుసుకొనుటకు మనిషి జ్యోతిష్యం చదవవలెను.

4. ప్రమాదం జరిగిన పూట మా అక్క రీలు ఎత్తి, నియమం ప్రకారం హారన్ కొట్టింది. రీళ్ల వెనక పని చేస్తున్న లోడింగు పెద్దాయన (అందరం బాబాయ్ అంటాము) టీ అనుకుని నేరుగా రీలు కిందికి నడిచివచ్చాడు. మా అక్కకు బోర్డు కనపడింది, బాబాయ్ కనపడలేదు. జనం కేకలు విని ఆపింది గనక మనిషి దక్కాడు. కానీ రీలు అంచు పాదం మీద దిగింది. ఆస్పత్రిలో నన్ను చూసి ఏమన్నాడో ఉన్నదున్నట్టు వ్రాయుచున్నాను.

“హారన్ మోగగానే గ్లాసు పట్టుకుని బయల్దేరాన్రా. పాదం నుజ్జయింది గానీ గ్లాసుకి సొట్ట కూడా పడలేదు చూడు! మీ అక్కకి చెప్పు, ఏడవొద్దని. పిచ్చిది, దానికెలా కనపడతాను?”

5. విచారణ జరిగినది, చేసినది బోర్డుగారే. అక్క చెప్పిందాన్ని బట్టి అది ఈ విధంగా సాగినది.

“బోర్డు చదివావా?”

“చదివాను సార్.”

“ఏముంది అందులో?”

“ముందు చూసి దించమని.”

“మరి చూశావా?”

“బోర్డు అడ్డం వచ్చింది సార్.”

“అంటే బోర్డు వైపే చూస్తున్నావు. చూస్తూ కూడా పాటించలేదు. రాసుకోవయ్యా గుమాస్తా.”

ఇప్పుడు ‘నా అజాగ్రత్త వల్లనే జరిగినది’ అని సోమవారం నాటికి సంతకం పెట్టమన్నారు. పెడితే క్రేన్ నుంచి దింపి చిత్తుకాగితాలు ఏరే షెడ్డుకు పంపుతారట. పెట్టకపోతే గేటు బయటకు పంపుతారట. ఆ గదిలో కూర్చోవడానికి మా అక్క ఎంతమంది నవ్వులు భరించి పని నేర్చిందో తమకు ఎవరూ చెప్పి ఉండరు. ‘ఆడదానికి ఎత్తు పడదు’ అన్నవాళ్లందరి నెత్తిమీదుగా రీళ్లు మోసింది, ఒక్కరికి గీత పడనివ్వలేదు, ఆ బోర్డు వచ్చేదాకా.

6. ఇక నా గురించి. నేను పెద్ద చదువులు చదవలేదు. సంఘం ఆఫీసులో ఉచితంగా పంచే చిన్న పుస్తకాలు చదివాను, అర్థం కాకపోతే మళ్లీ చదివాను. అందులో ఒకటి కాగ్నిటివ్ ఎర్గోనామిక్స్ అనే శాస్త్రం గురించినది. పేరు నోరు తిరగదు గాని సంగతి పసిపిల్లలకూ తెలిసేది: మనిషి చూపుకు, వినికిడికి, ధ్యాసకు ఒక హద్దు ఉంది, ఆ హద్దుకు తగ్గట్టు పనిచోటును కట్టాలి. తప్పు జరిగితే ముందుగా ‘ఎవడు?’ అని కాదు, ‘ఆ తప్పు చేయడం ఇక్కడ ఇంత తేలిక ఎందుకైంది?’ అని అడగాలి. ఆ పుస్తకాన్ని బోర్డుగారి బల్ల మీద పెట్టాను. ఆయన అట్ట చూసి, “మంచి మాటలే ఉన్నట్టున్నాయి, ఇందులోంచి ఒక బోర్డు రాయిద్దాం” అన్నారు.

అయ్యా, అక్కడ నా నిగ్రహం తప్పినది. తిన్నగా నిచ్చెనెక్కి పోయి ఆ అద్దం మీది బోర్డును చింపి కింద పడవేసితిని. ‘భద్రతా సామగ్రిని ధ్వంసం చేసినాడు’ అని నన్ను సస్పెండు చేసినారు. నా శిక్ష గురించి నేనేమీ అడగను. అదొక్కటే ఆ మిల్లులో నేను చేసిన భద్రత పని. మర్నాటికి అక్కడ అంతకంటే పెద్ద బోర్డు పెట్టినారు.

కావున తమరు దయయుంచి సోమవారం లోపు స్వయంగా వచ్చి, విచారణ ఆపించి, అద్దాలు ఖాళీ చేయించి, హారన్‌ను టీ నుంచి విడదీయించి, మా అక్కను ఆమె కుర్చీలో కూర్చోనివ్వవలెనని, కోపమును ఎంతో అదుపులో పెట్టుకుని వ్రాసిన ఈ అర్జీని చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడే,
పైచుట్టు విభాగం పనివాడు (సస్పెన్షన్‌లో)

తా.క.: ఈ అర్జీ ఇద్దామని తమ ఆఫీసుకు వస్తే తమరు క్యాంపుకు వెళ్లారన్నారు. సోమవారం దాటిపోయింది. మా అక్క సంతకం పెట్టేసింది.

నేను ఇంట్లో గిన్నెలు ఎగిరేలా అరిచాను. “చేయని తప్పుకి ఎందుకు పెట్టావే?” అన్నాను.

“అరవకురా. నా తర్వాత ఆ కుర్చీలో ఎవరో కొత్తమ్మాయిని కూర్చోబెడుతున్నారు. పని నేర్చుకుని నెల కాలేదు. ముందు అద్దం ఖాళీ చేస్తేనే సంతకం పెడతానన్నాను. ఒప్పుకున్నారు. సంతకం చేశాకే పీకారు గానీ, పీకడమైతే పీకారు. ఆ పిల్లకైనా కింద మనిషి కనపడితే చాలు. నాకు షెడ్డయితేనేం, ఎండ తగలదు.”

అయ్యా, సంగతి అంతటితో అయిపోలేదు.

నిన్న బాబాయ్ కొడుకు చెప్పాడు. ఖాళీ చేసిన ముందు అద్దం మీద మళ్లీ బోర్డు పెట్టారట. ‘ఈ అద్దం మీద ఏమీ అంటించరాదు.’ అక్షరాలు చాలా పెద్దవట.

ఇక చిత్తగించడాలు వద్దు సార్. ఊరికే రండి. షీల్డూ వద్దు, దండలూ వద్దు. నిచ్చెనెక్కి ఆ కుర్చీలో మీరే కూర్చోండి. కింద రీలు దిగే చోట నేను నిలబడతాను, ఒక చెయ్యి పైకెత్తి. అది ఏ చెయ్యో చెప్పి, ఆ తర్వాత రీలు దించండి.