మొదటి ముద్ద

అంతర్వేది నుంచి చిరంజీవి గణేష్‌బాబుకి పెదనాన్న దీవించి రాస్తున్నది.

ఆదివారం రాజమండ్రి సభలో గంజాయిని చట్టబద్ధం చెయ్యాలని మాట్లాడుతున్నావట. శివుడు కూడా తాగాడనే శ్లోకం ఉంటే వెతికి పంపమన్నావు. పంపను! ఇన్నేళ్లుగా రామాలయం అరుగు మీద నేను చెబుతున్న శివుడు, లోకం బతకాలని విషాన్ని కంఠంలో ఆపుకున్నవాడు. ఆయన్ని పొగకి అడ్డం పెట్టకు.

తాగిన పిల్లల్ని జైల్లో కుక్కొద్దంటావు, ఒప్పుకుంటాను. దానివల్ల హాని లేదని మాత్రం అనకురా. మీ బావ గంగాధర్ గంజాయి మానినా, అది తెచ్చిన భయం వాణ్ణి వదల్లేదు. కన్నతల్లే అన్నంలో విషం కలుపుతోందంటాడు. డాక్టరు గారిచ్చిన మాత్రలూ ఉమ్మేస్తున్నాడు. మీ మేనత్త శ్యామలాంబ రోజూ వాడి కంచంలో మొదటి ముద్ద తాను తిని, "చూడు నాయనా, బతికే ఉన్నానుగా" అనేది. నిన్న వాడు, "నువ్వు ముందే విరుగుడు తాగొచ్చావే అమ్మా" అన్నాడు. అప్పట్నుంచి మెతుకు ముట్టలేదు.

చిన్నప్పుడు మీరిద్దరూ ఒకే కంచంలో తిన్నారు. సభలో ఏం చెబుతావో నీ ఇష్టం. ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా. ఆ మొదటి ముద్ద నువ్వు తిను.

పెదనాన్న