నేలచూపుల డ్రోన్లు

నెల్లూరు,
మే 18

మత్స్యకారుల సంఘం పెద్ద మునెయ్య గారికి,

నమస్కారం. నా పేరు అనూష. డ్రోన్ షోలు చేసే కంపెనీలో కొత్తగా చేరాను. మీ ఊరి షో నా మొదటి పని. వేట నిషేధం ముగిసే రోజు, జూన్ 14 సాయంత్రం, మీ ఊళ్లో డ్రోన్లు ఎగరాలని అడిగారు. సంతోషం. అయితే ఆరుబయట ఎగరేయడానికి అనుమతులన్నీ వచ్చేసరికి మీ పడవలు వేటకు పోయి తిరిగి కూడా వచ్చేస్తాయి. అందుకని షో కప్పు కిందే జరగాలి. తగిన చోటు చూసి పొడవు, వెడల్పు, ఎత్తు రాయగలరు.

ఇట్లు,
అనూష

తా.క. ఇదంతా ఫోన్లో రెండు నిమిషాల పని కదండీ?

*

జువ్వలదిన్నె,
మే 21

అమ్మాయి అనూషకు మునెయ్య దీవెనలు.

ఫోన్ సంగతి అడిగావు. పోయినేడు పాటకచేరీని ఫోన్లోనే మాట్లాడాం. వాళ్లు పక్క పాలేనికి పోయి పాడి, అక్కడే చేపల పులుసు తిని వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఏదైనా కాగితం మీదే ఉండాలని సంఘంలో తీర్మానం చేశాం. బస్సు కండక్టరు జయకుమార్ చేతికిస్తే పూటలో చేరుతుంది.

చోటు దొరికింది. పడవలు బాగుచేసే షెడ్డు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాణ్ణి, గాలిలో తిరిగేదానికి గాలి ఎంత ముఖ్యమో నాకు తెలియదా? ఈ షెడ్డుకు గోడలే లేవు. తూర్పున దూరిన గాలి పడమటగా పోతుంది. మీ డ్రోన్లు కడుపునిండా గాలి తింటాయి. ఎత్తు నాలుగు బారలు.

ఉంటాను,
మునెయ్య

తా.క. చేతులు చాపి కొలిచిన బారలు నావి కావు, పోలేరయ్యవి. నాకు భుజం పట్టేసింది. ఆయన మా అందరిలోకీ పొట్టి.

*

నెల్లూరు,
మే 23

మునెయ్య గారికి నమస్కారం.

గాలి వద్దండీ! డ్రోన్ తనకు కావలసిన గాలి తనే పుట్టించుకుంటుంది. బయటి గాలి తగిలితే పోయి దేనికో కొట్టుకుంటుంది. నాలుగు వైపులా మూసుకునే చోటు కావాలి. ఎత్తు కనీసం ఇరవై అయిదు అడుగులు. నడుమ స్తంభాలు ఉండకూడదు. ఇంకో మాట. ప్రతి డ్రోన్ కడుపు కింద చిన్న కెమెరా ఉంటుంది, నేలను చూసుకుంటూనే అది ఎగురుతుంది. కాబట్టి నేల సంగతి శ్రద్ధగా చూడండి.

శుక్రవారంలోగా చోటు కుదరకపోతే షో నెల్లూరు ఫంక్షన్ హాల్లో పెడతామని మా మేనేజర్ షారన్ మేడమ్ అంటున్నారు. మీ ఊరివాళ్లకు బస్సులు వేస్తారట.

ఇట్లు,
కంగారులో ఉన్న అనూష

తా.క. పోలేరయ్య గారి చేతుల పొడవు టేపుతో కొలిచి పంపగలరా?

*

జువ్వలదిన్నె,
మే 27

అనూషమ్మకు దీవెనలు.

నెల్లూరు మాట ఎత్తొద్దు తల్లీ. నా భార్య నాగులమ్మకు బస్సు పడదు, బిట్రగుంట దాటకముందే వాంతులు. పడవ రావడం ఆలస్యమైన ప్రతిసారీ నలభై ఏళ్లుగా ఒడ్డున నిలబడి నాకోసం నీళ్ల వంక చూసిన మనిషి. ఒక్కసారి నిశ్చింతగా తల ఎత్తి పైకి చూస్తే బాగుండునని నా ఆశ. సంఘానికి ఈ కారణం చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

చేపల వేలం హాలు ఖాళీగా ఉంది. స్తంభాలు లేవు. షట్టర్లు దించి బీడీ ముట్టిస్తే పొగ నిటారుగా లేచింది. కప్పు నుంచి సీసం గుండు కట్టిన తాడు వదిలి టేపుతో కొలిచాం, ముప్పై అడుగులు. ఇక నేల. కిందికి చూస్తూ ఎగిరేవాటికి పొలుసూ నెత్తురూ కనబడితే ఏం మర్యాద? మూడు రోజులు బ్లీచింగ్ పోసి రుద్ది, పైన నున్నగా సిమెంటు పూయించాం. ఇప్పుడా నేలలో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు.

నీ మేలు కోరే,
మునెయ్య

తా.క. డ్రోన్లకు వాసన కూడా తెలుస్తుందా? తెలిస్తే ఇంకో రోజు రుద్దిస్తాను.

ఇంకో తా.క. అవి జనం మీదికి రాకుండా నడుమ వల కడదామా? కొత్త వల ఉంది.

*

నెల్లూరు,
జూన్ 5

మునెయ్య గారికి నమస్కారం.

నిన్నటి ట్రయల్ మీరే చూశారు. పది డ్రోన్లు లేచి పది దిక్కులకు పోయాయి. ఒకటి పోలేరయ్య గారి తలపాగాలో దిగింది. తప్పు నాది. నేలను శ్రద్ధగా చూడమన్నానే గానీ అది ఎలా ఉండాలో రాయలేదు. కింద గీతలో మచ్చలో కనబడితేనే డ్రోన్‌కు తానెక్కడున్నదీ తెలుస్తుంది. ఒడ్డు గుర్తులు కనబడకపోతే మీకెలాగో, అద్దంలాంటి నేల మీద దానికీ అలాగే. దీనికోసం నేల మీద పరిచే గళ్ల పట్టా మా దగ్గర ఒకటుంది, అది వేరే షోకు పోయింది, మీ షో తర్వాతే తిరిగి వస్తుంది. సోమవారం నెల్లూరు హాలు ఖాయం చేస్తామని మేడమ్ చెప్పేశారు. నాగులమ్మ గారి ముందు నాకు తలకొట్టేసినట్టుంది.

ఇట్లు,
అనూష

తా.క. వల ఆలోచన మాత్రం మేడమ్‌కు చాలా నచ్చింది.

*

జువ్వలదిన్నె,
జూన్ 6

అనూషమ్మకు దీవెనలు.

నీ ఉత్తరం బిగ్గరగా చదివాను. నాగులమ్మ చేతిలో చీపురు పక్కన పెట్టింది. "నేల నిండా మచ్చలుండె. అన్నీ మీరే రుద్ది పారేసినారు. గీతలే గదయ్యా కావల్సింది, ఆ మాత్రం మాకు చేతగాదా?" అంది. గంటలో ముప్పై మంది ఆడవాళ్లు హాల్లో దిగారు. పొడి ముగ్గు డ్రోన్ల గాలికి లేచిపోతుందని తడి సున్నంతో వేశారు. చుక్కలు, పీతలు, పడవలు, తామరలు, ఏ రెండూ ఒక్కలా లేవు. మగవాళ్లను గుమ్మం దాటనివ్వడం లేదు. ఆదివారం మీ మేడమ్‌ను తీసుకురా. చెప్పులు బయటే విడవాలి, ఎంత మేనేజరైనా సరే.

ఉంటాను,
మునెయ్య

తా.క. తన పీత పైవాళ్లకు కనబడుతుందా అని మా పక్కింటి ముసలమ్మ అడుగుతోంది.

*

నెల్లూరు,
జూన్ 9

మునెయ్య పెదనాన్నకు నమస్కారం.

ఆదివారం ముగ్గు మీద నలభై డ్రోన్లూ మేకు కొట్టినట్టు నిలబడ్డాయి! షో మీ హాల్లోనే, 14 సాయంత్రం ఆరున్నరకు. పెద్దమ్మకు ముందు వరసలో కుర్చీ వేయించండి.

ఇట్లు,
అనూష

తా.క. ముసలమ్మ గారి పీత అన్నిటికంటే బాగా కనబడిందట. కంప్యూటరే చెప్పింది.

*

జువ్వలదిన్నె,
జూన్ 18

అనూషమ్మకు పెదనాన్న దీవెనలు.

వేటకు పోయి నిన్ననే వచ్చాను, అందుకే ఆలస్యం. షో గురించి ఊరంతా ఒకటే మాట. గాలిలో పడవ లేచినప్పుడు ఈలలు, అది చేపగా మారినప్పుడు కేకలు. పోలేరయ్య తలపాగా తీసి మరీ చూశాడు.

ఇక నాగులమ్మ సంగతి. ముందు వరసలోనే కూర్చుంది. నేను "పైకి చూడు, పైకి చూడు" అని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. షో అయ్యేదాకా ఒక్కసారి తల ఎత్తలేదు తల్లీ! ఎవరు కాలు పెడతారోనని ముగ్గు వంకే చూస్తూ కూర్చుంది. నలభై డ్రోన్లూ, నా భార్యా కిందికే చూశారు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికొస్తూ అడిగాను, "ఇంత పాటుపడింది నీకు చూపించాలని గదా. ఏం చూసినావు?"

"పచ్చలైటు పడితే నా ముగ్గు పచ్చగా అయ్యె, నీలం పడితే నీలంగా అయ్యె. నలభై దీపాలు పట్టి ముగ్గు చూపించినారు నాకు. ఇంకేం గావాల?" అంది. ఆ ముఖం చూస్తే నా కోపం ఎటు పోయిందో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీ అందరికీ మా ఇద్దరి దీవెనలు,
మునెయ్య

తా.క. ఆ కెమెరాలు పైనుంచి ముగ్గంతా చూశాయి కదా. ఫోటో ఉంటే ఒకటి పంపు. మా ఇంటి గోడకు బాగా ఎత్తున తగిలిస్తాను. అప్పుడైనా తల ఎత్తి చూస్తుంది.